మాస్కులో నీళ్ళు

మా అక్క దారాన్ని పళ్ళతో కొరికేది. మెడలో కత్తెర వేలాడుతూనే ఉండేది, అయినా కుట్టు పూర్తవగానే తల వంచి టక్కున కొరికి, నాలిక చివర మిగిలిన పోగుని ఊదేసేది. "ఆ కత్తెర ఏమన్నా నగా, మెళ్ళో వేసుకు తిరగడానికి?" అని నేను వెక్కిరిస్తే, "నీ నోటికున్న పదును దానికి లేదే, ఏం చెయ్యను" అనేది.

ఇద్దరం కలిసి పరదాల దుకాణం నడిపేవాళ్ళం. కిటికీ పరదాలు, సోఫా కవర్లు, పరుపు గలీబులు. ముందు గదిలో రెండు కుట్టు మిషన్లు, వెనక గదిలో బట్ట తానులు, వాటి పక్కన నడుం వాల్చడానికి ఓ ఇనప మంచం. పొద్దస్తమానం బట్ట దుమ్ము గొంతులోకి పోతుందని అక్క బుగ్గన ఎప్పుడూ నీలగిరి బిళ్ళ ఉండేది. ఇంటికెళ్తే మా ఆయన బుగ్గన లవంగం. ఆయనకి పంటి నొప్పి ఎప్పుడో తగ్గింది కానీ పడుకునే ముందు లవంగం పెట్టుకునే అలవాటు పోలేదు. పగలు బిళ్ళ, రాత్రి లవంగం... నా బతుకు ఈ రెండు వాసనల మధ్యే తెల్లారిపోతుందని నవ్వుకునేదాన్ని.

మా అమ్మ నుంచి మా అక్కచెల్లెళ్ళకి వచ్చిన ఆస్తి ఒకటుంది. చిన్న దవడ, ఇరుకు గొంతు. నిద్రపోగానే గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగిపోతుంది. కాసేపటికి ఒళ్ళు ఉలిక్కిపడి గాలి లాక్కుంటుంది. మళ్ళీ ఆగుతుంది. ఆగిన సంగతి మనకి తెలీదు, పక్కన పడుకున్నవాళ్ళకే తెలుస్తుంది. దానికి వైద్యం సీపాప్ అనే చిన్న మిషను. అది రాత్రంతా గొట్టం గుండా మాస్కులోకి గాలి ఊదుతుంది, ఆ గాలి గొంతుని మూసుకోనివ్వదు. గొంతు ఎండిపోకుండా లోపల ఒక నీళ్ళ డబ్బా ఉంటుంది. అది వేడెక్కి గాలికి తేమ ఇస్తుంది.

ముందు అక్కకి పెట్టారు ఆ మిషను. పోయిన చలికాలంలో అక్క నిద్రలోనే పోయింది. మాస్కు మొహానే ఉంది. "మిషను పెట్టుకునే పడుకుంది చిన్నీ, గుండె ఆగిపోయినట్టుంది" అన్నాడు బావ. నిద్రలో పోవడం అదృష్టం అన్నారు చూడ్డానికొచ్చినవాళ్ళు. నేనూ నమ్మాను.

ఆ తర్వాత డాక్టరు నాకూ పరీక్ష చేసి, అక్కకి చెప్పిందే చెప్పాడు. కొత్త మిషను కొందామని మేం అనుకుంటుండగా బావ తనే అక్క మిషను తెచ్చాడు. "మీ అక్క దీన్ని సరిగ్గా వాడనే లేదు. కొత్తదానికిందే లెక్క" అన్నాడు. చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు చెయ్యి చాపి, ఒంటికి దూరంగా పట్టుకుని తెచ్చాడు. గుమ్మం పక్కన పెట్టి, ఇచ్చిన మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. పాపం, పెళ్ళాం వస్తువు చూడలేకపోతున్నాడని జాలిపడ్డాను. నా జాలిని కుక్కలకు వెయ్య!

క్లినిక్‌లో టెక్నీషియన్ ఒకావిడ ఉంది. మిషను విప్పి శుభ్రం చేసి, మాస్కు, గొట్టం, నీళ్ళ డబ్బా అన్నీ కొత్తవి వేసింది. అక్కదంటూ మిగిలింది లోపల తిరిగే మోటారు ఒక్కటే.

పెట్టుకున్న కొన్నాళ్ళకే నీళ్ళు మొదలయ్యాయి.

తెల్లవారుజామున మాస్కు లోపల చెమట పట్టినట్టు ఉండేది. తర్వాత చుక్కలయ్యాయి. తర్వాత పెదవి మీదికి, ముక్కులోకి జారడం మొదలైంది. గొట్టం వంపులో నీళ్ళు నిలిచి, గాలి వాటిలోంచి తోసుకుంటూ రావడంతో గురగుర... గురగుర... మా ఆయన స్కూలు బస్సు డ్రైవరు. తెల్లారకముందే లేచి పిల్లల్ని ఎక్కించుకోవాలి.

"పక్కన ఎవరో హుక్కా పీలుస్తున్నట్టుందే" అన్నాడు మొదట్లో నవ్వుతూనే.

"పీలిస్తే పీల్చనివ్వండి. మీ గురక నేను ఇన్నేళ్ళు పీల్చలేదూ?" అన్నాను.

తర్వాత ఆయన నవ్వడం మానేశాడు. కళ్ళ కింద నలుపు. ఓ రోజు బస్సు రివర్స్ చేస్తూ గేటుకి తగిలించాడు. నాకు భయం వేసి టెక్నీషియన్ దగ్గరికి పరిగెత్తాను.

"ఇది అందరికీ వచ్చే గొడవే మేడమ్" అందావిడ. "డబ్బాలోంచి వెచ్చటి తడి గాలి వస్తుంది. గది చల్లగా ఉంటే గొట్టం చల్లబడుతుంది, తడి అక్కడే నీరైపోతుంది. గ్లాసులో ఐసు వేస్తే బయట నీళ్ళు పట్టినట్టే. మిషను మంచం కంటే కిందుగా పెట్టుకోండి, నీళ్ళు వెనక్కి డబ్బాలోకి జారతాయి. గొట్టం దుప్పటి లోపల నుంచి తెచ్చుకోండి. తేమ నంబరు కాస్త తగ్గించండి. గొట్టానికి బట్ట కవరు కూడా దొరుకుతుంది..."

"బట్ట కవరా? నాకా అమ్మేది!" అన్నాను.

ఆ సాయంత్రమే కూర్చున్నాను. నిద్రగదుల పరదాలకి వాడే దళసరి బట్ట, లోపల దూది పొర, పొడుగునా జిప్పు. గొట్టానికి తొడిగితే చలికాలంలో చిన్నపిల్లాడికి స్వెట్టర్ వేసినట్టుంది. అక్కడితో ఆగానా? మా ఆయన నిద్ర కోసం మిషనుకి కూడా ఒక దళసరి గూడు కుట్టాను, గాలి పీల్చుకునే వైపు మాత్రం వదిలేసి. మోటారు రొద కూడా వినపడకూడదని. చెవి ఆనిస్తే తప్ప మిషను తిరుగుతోందో లేదో తెలీనంత బాగా కుట్టాను. పరదాలు కుట్టేదానికి లోకంలో ప్రతి గొడవకీ బట్టే మందు. ఈ పని ఇంకెవరన్నా చేసేవాళ్ళు కాదేమో.

"గురగుర పోయింది. ఇప్పుడు హాయిగా ఉంది" అన్నాడు ఆయన మర్నాడు పొద్దున్నే, బుగ్గ గిల్లి. నేను పొంగిపోయాను.

కానీ నీళ్ళు పోలేదు.

మాస్కు తీస్తే అడుగున నీళ్ళు. చెంప మీద నీళ్ళు. మిషను నేల మీద పెట్టాను. నీళ్ళు. తేమ బాగా తగ్గించాను. నీళ్ళు. పడగ్గదిలో చిన్న హీటరు పెట్టాను. అయినా నీళ్ళే. మళ్ళీ క్లినిక్‌కి వెళ్తే టెక్నీషియన్ నుదురు చిట్లించింది.

"శబ్దం లేదంటున్నారు కదా. గొట్టంలో నీళ్ళుంటే శబ్దం ఉండాలి మేడమ్. గాలి వాటిలోంచే కదా వస్తుంది."

"మా ఆయనే చెప్పాడు, లేదని."

"సరే, ఒకట్రెండు రాత్రులు డబ్బాలో నీళ్ళే పొయ్యకండి. పొడిగాలి పెట్టుకోండి. గొంతు కొంచెం ఎండుతుంది, అంతే. మీ ఊపిరి తడి కాస్త ఉంటుంది కానీ, చుక్కలు కట్టేంత ఉండదు."

ఆ రాత్రి డబ్బా కడిగి, ఎండబెట్టి, ఖాళీగా బిగించాను. పొద్దున్న మాస్కు తీసి వంచితే అరచేతిలోకి బొటబొటా కారాయి నీళ్ళు. డబ్బా తీసి చూశాను. ఎంత పొడిగా పెట్టానో అంత పొడిగా ఉంది.

అరచేయి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆ పని ఎందుకు చేశానో తెలీదు.

నీలగిరి బిళ్ళ వాసన.

మా ఇంట్లో ఆ బిళ్ళ ఎవరూ వాడరు. దుకాణంలో అక్క గల్లాపెట్టె పక్కన పెట్టుకున్న డబ్బా కూడా ఆవిడ పోయాక నేనే పారేశాను. కొత్త మాస్కు, కొత్త గొట్టం. అక్క నోరు తాకినది ఇందులో ఏదీ లేదు. నా భ్రమేననుకుని, చెయ్యి సబ్బుతో కడుక్కుని దుకాణానికి వెళ్ళిపోయాను. రోజంతా ఏ పరదా కుట్టినా అంచు వంకరే వచ్చింది.

ఆ రాత్రి కూడా డబ్బా ఖాళీగానే పెట్టి పడుకున్నాను.

మా పడగ్గది కిటికీకి నేనే కుట్టిన పరదా ఉంది. వీధి దీపం వెలుగు దారప్పోగంత కూడా లోపలికి రాదు. ఆ చీకట్లో కనపడేది ఒక్కటే, మా ఆయన అలారం గడియారం మీది ఎర్ర అంకెలు. దుప్పటి వాసన, హీటరు కాలిన వాసన, ఆయన నోటి లవంగం వాసన... వీటి మధ్య కళ్ళు మూసుకున్నాను. మాస్కు బిగించాక ఇంక ఏ వాసనా ఉండదు.

మెలకువ ఎందుకు వచ్చిందో చెప్పలేను. ఉక్కిరిబిక్కిరి కాలేదు. పీడకలా రాలేదు. కళ్ళు తెరిచాను, అంతే. ముఖం మీద గాలి ఆడుతోంది. చెంపల మీద నీళ్ళు జారుతున్నాయి. పక్కన ఆయన అటు తిరిగి ఉన్నాడు.

మిషను గాలికి ఒక స్వభావం ఉంటుంది. ఒకే తీరున వస్తూనే ఉంటుంది. మనం పీల్చినా, వదిలినా, దానికి పట్టదు.

ఇది అలా లేదు.

వస్తోంది... ఆగుతోంది. వస్తోంది... ఆగుతోంది.

వెచ్చగా ఉంది. డబ్బాలో చుక్క నీరు లేదు. అయినా తడిగా ఉంది.

నెమ్మదిగా చెయ్యి కిందికి చాపాను. నేల మీద నేను కుట్టిన దళసరి గూడు తగిలింది. దాని లోపలికి వేళ్ళు పోనిచ్చాను. మిషను చల్లగా ఉంది. అరచెయ్యి మొత్తం ఆనించాను. వణుకు లేదు. మోటారు తిరగడం లేదు. కరెంటు పోయిందనుకున్నాను. అలారం అంకెలు ఎర్రగా నన్నే చూస్తున్నాయి. కరెంటు పోలేదు.

ఊపిరి బిగబట్టాను.

వస్తోంది... ఆగుతోంది. వస్తోంది... ఆగుతోంది.

నేను పీల్చడం లేదు. గొట్టం అవతల ఎవరో మాత్రం మానలేదు.

అరవాలనుకున్నాను. నోరు తెరిస్తే ఆ గాలి నోట్లోకే వచ్చింది. నీలగిరి బిళ్ళ చల్లదనం నాలిక మీద పరుచుకుంది. చిన్నప్పుడు జ్వరం వస్తే నా మొహంలో మొహం పెట్టి పడుకునేది ఒక్కతే. ఆ ఊపిరి నాకు తెలుసు.

"అక్కా..." అన్నాను మాస్కులోనే.

గాలి ఆగిపోయింది.

చాలాసేపు ఏమీ లేదు.

గొట్టం లోపల, దూరంగా, ఒక చిన్న శబ్దం.

టక్.

దారం కొరికిన శబ్దం.

మాస్కు పీకి దిండు మీద పడేశాను. మంచం దిగి నేల మీద కూలబడ్డాను. మిషను ఎందుకు ఆగిందో చూడాలి, అదొక్కటే తెలుస్తోంది. మా గదిలో ప్లగ్గు బోర్డు ఒకటే, ఆయన వైపు గోడకి, పరుపు ఎత్తులో ఉంటుంది. వైరు మంచం కింద నుంచి వెళ్తుంది. ఆ వైరు పట్టుకుని, మంచం పట్టె చుట్టూ పాకుతూ అటు వెళ్ళాను. గోడ తగిలింది. బోర్డు తగిలింది. ప్లగ్గు గట్టిగానే ఉంది.

స్విచ్చి ఆపేసి ఉంది.

దాని మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయాను. నేను ఆపలేదు. పడుకునేటప్పుడు వేసిందీ నేనే.

అప్పుడు నా తల పైన పరుపు కదిలింది. చీకట్లోంచి ఒక చెయ్యి కిందికి దిగింది. తడుముకోలేదు. వెతుక్కోలేదు. రోజూ వచ్చే దారిలో వచ్చినట్టు తిన్నగా వచ్చి, స్విచ్చి మీదున్న నా వేళ్ళ మీద పడింది.

మా ఆయన కేక పెట్టాడు. నేను పెట్టలేదు. ఆ చెయ్యి తగిలిన క్షణమే నాకు అంతా అర్థమైంది. లైటు వేశాను.

"నీళ్ళ చప్పుడుకి నిద్ర పట్టట్లేదే..." అన్నాడు గుసగుసగా. గోడల అవతల ఎవరో వింటున్నట్టు. "నువ్వు నిద్రపోయాక ఆపి, నువ్వు లేచేలోపు వేసేస్తున్నా. అంతే."

"ఎన్నాళ్ళ నుంచి?"

"కవరు కుట్టావు చూడు... అంతకు కొంచెం ముందు నుంచి. కవరు కుట్టాక ఇంకా సులువైంది. ఆగినా నీకు తెలిసేది కాదు."

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ దొంగకి తాళాలు కుట్టి మరీ ఇచ్చాను నేను.

"ఆపితే నా ఊపిరి ఆగిపోతుందని తెలీదా మీకు?"

"ఆగలేదు కదా! నేను చూశాను. మొదటి రోజు చాలాసేపు కూర్చుని చూశాను. హాయిగా పీలుస్తూనే ఉన్నావు. బావ కూడా ఏం కాదులే, పడుకో అన్నాడు."

"బావా?"

ఆయన నాలిక కరుచుకున్నాడు. ఆ కరుచుకోవడం కూడా నాకు కనపడింది.

"బావకేం తెలుసు?" అన్నాను.

"ఓసారి నిద్ర లేదని చెప్పుకుంటే... ఆయనే చెప్పాడు. నిద్రపోయాక ఆపెయ్, తెల్లారేలోపు వెయ్, ఏం కాదులే అన్నాడు. మీ అక్కకి ఆయన రోజూ..."

మాట మధ్యలో ఆగిపోయింది.

అక్క మిషను పెట్టుకునే పడుకుంది. మాస్కు మొహానే ఉంది. గుండె ఆగిపోయినట్టుంది.

"రోజూ ఏంటి?" అన్నాను. "చెప్పండి. రోజూ ఏంటి?"

ఆయన చూపు నా మొహం మీద లేదు. తన పక్కన, నా దిండు మీద పడున్న మాస్కు మీద ఉంది.

గురగుర... గురగుర...

"ఆపు దాన్ని" అన్నాడు.

"అది ఆగే ఉంది" అన్నాను. "మీరే ఆపారు."

తెల్లారాక బావ దగ్గరికి వెళ్ళాను. ఆయనకి కళ్ళద్దాల షాపు ఉంది. నన్ను చూడగానే ఎందుకొచ్చానో తెలిసిపోయిందేమో, ఒక అద్దాన్ని తీసి తుడవడం మొదలెట్టాడు. నేను అడుగుతున్నంతసేపూ అదే అద్దం, అదే గుడ్డ.

"రోజూ టైముకి లేచి వేసేవాణ్ణి చిన్నీ" అన్నాడు చివరికి. "ఆ ఒక్క రోజే మెలకువ రాలేదు."

ఆయన గొంతులో ఏడుపు లేదు. బస్సు తప్పిపోయినవాడి గొంతులా ఉంది.

"మరి ఆ మిషను నాకెందుకు తెచ్చి ఇచ్చారు బావా?"

గుడ్డ ఆగింది. "ప్లగ్గు తీసి అలమరలో పెట్టినా చప్పుడు ఆగట్లేదు. రాత్రుళ్ళు కూర్చునే పడుకుంటున్నాను. ఇంట్లోంచి బయటికి పోతే చాలనిపించింది."

తడిగుడ్డతో గొంతు కోశాడనే మాట చిన్నప్పటి నుంచి వింటున్నాను. అర్థం మాత్రం ఆ షాపులో నిలబడ్డప్పుడే తెలిసింది. రక్తం రాదు, చప్పుడు రాదు, ఎవరికీ అనుమానం రాదు. కాస్త తడి మిగులుతుంది, అంతే. మా అక్క ఈ మనిషి పక్కన గొంతు అప్పగించి పడుకుంది. నేను ఆ మనిషి పక్కన. ఇద్దరు మగాళ్ళు మా ఊపిరి గురించి మాట్లాడుకుని, కుళాయి కట్టేసినంత సులువుగా తేల్చేసుకున్నారు. మాకు ఒక్క మాట చెప్పలేదు. వేరే గదిలో పడుకుంటానని మా ఆయన ఒక్క మాట అని ఉంటే, పరుపు నేనే మోసుకెళ్ళి వేసేదాన్ని. నాకు కడుపు మండింది అక్కడే.

ఆ రోజే మిషను తీసుకుని దుకాణం వెనక గదికి వచ్చేశాను. ఆయన బస్సు దిగి వచ్చి తలుపు కొట్టాడు. "తప్పయిపోయింది, ఇంటికి రా. ఇంక ముట్టుకోను" అన్నాడు. తలుపు తియ్యలేదు.

"ఎలా నమ్మమంటారు? నేను నిద్రపోయాక కదా మీరు మేలుకునేది" అన్నాను లోపల నుంచే.

బయట చాలాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. తలుపు దగ్గర లవంగం వాసన కాసేపు ఉండి పోయింది.

బట్ట తానుల మధ్య ఇనప మంచం. తలుపుకి లోపల గడియ. మిషను నేల మీద, గొట్టం దుప్పటి లోపల, జిప్పు కవరు, మామూలుగా డబ్బాలో నీళ్ళు. గూడు మాత్రం విప్పేసి అంగుళం అంగుళం కత్తిరించి చెత్తబుట్టలో వేశాను. మోటారు రొద నాకు వినపడాలి.

మొదటి రాత్రి కళ్ళు మూయడానికి భయమేసింది. గాలి ఒకే తీరున వస్తోంది, ఏ మనిషీ లేని గాలి. ఎప్పుడు నిద్ర పట్టిందో తెలీదు. పొద్దున్న మాస్కు తీస్తే ఆరబెట్టిన గుడ్డలా పొడిగా ఉంది. మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. అక్కకి ఇక నాతో పని లేదనుకున్నాను. ఒక్కోసారి పొడిగా ఉన్న మాస్కు చూస్తే ఏడుపు వచ్చేది కూడా. బతికుండగా ఏ దుప్పటి కింద పడుకున్నామో, చచ్చాకా అదే దుప్పటిలోకి వచ్చి నాకు ఊపిరి పోసింది మనిషి. నా రక్తం కాబట్టి పోసింది. మరి పక్కన పడుకున్నవాళ్ళు?

ఒక రాత్రి, మాస్కు పెట్టుకోబోతుంటే ఫోను మోగింది. మా ఆయన.

"నువ్వు... ఇంటికొచ్చావా?" గుసగుస.

"లేదు. దుకాణంలో ఉన్నాను."

"మిషను?"

"ఇక్కడే ఉంది. నా కాళ్ళ దగ్గర."

అటువైపు ఆయన ఊపిరి వినపడుతోంది. గబగబా, పైపైన.

"మరి మన మంచం మీద..." అన్నాడు. "నీ వైపు... గురగురమంటోంది."

"లైటు వెయ్యండి."

"వేశాను. ఎవరూ లేరు. నీ దిండు తడిగా ఉంది. పిండితే కారేలా ఉంది. దిండుకి... మధ్యలో గుంట పడుంది. ఎవరో పడుకున్నట్టు."

ఫోను చెవికి నొక్కుకున్నాను. ఆయన వెనక నుంచి వస్తోంది ఆ శబ్దం. గురగుర... గురగుర... దగ్గరగా జరిగి, ఆయన నోటి పక్కకి వచ్చి, ఆగింది.

టక్.

"విన్నావా?" అన్నాడు. ఆయన గొంతు చిన్నపిల్లాడి గొంతైపోయింది. "అదేంటి? ఏం చెయ్యమంటావు నన్ను? చెప్పు... ఏం చెయ్యను?"

గదిలోంచి బయటికి రండి అనొచ్చు. పక్కింటి తలుపు కొట్టండి అనొచ్చు. రాత్రికి ఇక్కడికి వచ్చెయ్యండి అనొచ్చు. గడియ నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఆ మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. వాటి వెనకే, చీకట్లో తడుముకోకుండా స్విచ్చి దగ్గరికి దిగిన ఆ చెయ్యి గుర్తొచ్చింది.

"ఏం కాదులే" అన్నాను. "పడుకోండి."

ఫోను పెట్టేశాను. మాస్కు బిగించుకుని, దుప్పటి కప్పుకున్నాను. ఒట్టు, ఎన్నాళ్ళుగానో లేనంత హాయిగా నిద్రపట్టింది.

ఎండ బాగా ఎక్కాక ఫోను మోతకి లేచాను. స్కూలు వాళ్ళు. బస్సు రాలేదట, పిల్లలు రోడ్ల మీదే నిలబడి ఉన్నారట, ఆయన ఫోను ఎత్తడం లేదట. "ఇంట్లో ఉన్నారా అమ్మా?" అని అడుగుతున్నారు. చూసి చెప్తానన్నాను.

మాస్కు విప్పాను. చెంప మీద ఏదో చల్లగా జారింది.

తలుపుకి గడియ వేసే ఉంది. మిషను తిరుగుతూనే ఉంది. గొట్టం దుప్పటి లోపలే ఉంది, కవరు జిప్పు ఎక్కడా ఊడలేదు. కానీ మాస్కు అడుగున నీళ్ళున్నాయి. ఇన్నాళ్ళ తర్వాత, ఎప్పుడూ లేనంతగా.

అరచేతిలోకి వంచుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

నీలగిరి బిళ్ళ వాసన లేదు.

లవంగం వాసన.